వాషింగ్టన్‌లో గేటు దగ్గర డబ్బులడగరు

వేసవి మొదలైందంటే అమెరికాలో మన ఇళ్ళల్లో సందడంతా అమ్మానాన్నలదీ, అత్తమామలదీ. ఆరు నెలలుందామని వస్తారు. మొదటి వారం మనవలతో ఇట్టే గడిచిపోతుంది. ఆ తర్వాత పిల్లలు సమ్మర్ క్యాంపులకి, కొడుకూ కోడలూ ఆఫీసులకి. ఇంట్లో వీళ్ళిద్దరూ, ఒక టీవీ. ఎక్కడికైనా వెళ్ళి రండి అంటే ముందొచ్చే మాట "ఎందుకురా అంత ఖర్చు!" మంచినీళ్ళ సీసా మీద రెండు డాలర్లని ఉంటే వాళ్ళ కంటికి అది నూట డెబ్బై రూపాయల పైమాటే. తప్పు పట్టడానికేం లేదు, ఆ లెక్కలు వేసే కదా మనల్ని చదివించారు. చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్ళ జేబులూ అంతంతమాత్రమే. ఇవాళ ఆ పెద్దల కోసం, ఈ కుర్రాళ్ళ కోసమే వాషింగ్టన్ డీసీ గురించి, అదీ తక్కువ డబ్బుతో చూడటం గురించి మాట్లాడతాను.

అక్కడికి వెళ్ళే ముందు ఒకసారి బ్యాంకాక్ దాకా వెళ్ళొద్దాం. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ వెళ్ళొచ్చినవాళ్ళు మీ బంధువుల్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళ కబుర్లలో సగం ధరవరలే. ఖావో శాన్ రోడ్డు చుట్టుపక్కల గది చవక, వీధి బండి మీద భోజనం చవక, పడవ ఎక్కినా చవకే. అంతా బాగానే ఉంటుంది, గ్రాండ్ ప్యాలెస్ గేటు దగ్గరికి వచ్చేదాకా. అక్కడ విదేశీయుడికి టికెట్టు 500 బాత్. థాయ్ పౌరుడికి ఉచితం. అలా ఎందుకని మనం గట్టిగా అడగలేం, మన చార్మినార్ దగ్గరా మనకో ధర, బయటి దేశం వాళ్ళకో ధర. ఆగ్నేయాసియా రాజధానుల్లో తక్కువ డబ్బుతో తిరిగేవాళ్ళ లెక్క చాలావరకు ఇంతే. పడక, తిండి తేలిక. చూడాల్సినవాటి దగ్గరే జేబు తడుముకోవాలి.

వాషింగ్టన్‌లో ఈ లెక్క తలకిందులవుతుంది. గది ఖరీదు, తిండి ఖరీదు, కారు ఆపుకునే చోటు మరీ ఖరీదు. చూడ్డానికి మాత్రం పైసా అడగరు. ఏ దేశం నుంచి వచ్చారనీ అడగరు. బ్యాంకాక్ లెక్కతో ఇక్కడికి వస్తే దెబ్బ తింటారు. పొదుపంతా పడక మీద, కారు మీద, తిండి మీద చూపించాలి. చూసే సమయాన్ని మాత్రం ధారాళంగా ఖర్చు పెట్టాలి.

ఇంతకీ ఉచితం ఎందుకైంది? దాని వెనక ఒక ఇంగ్లీషాయన ఉన్నాడు. పేరు జేమ్స్ స్మిత్సన్, రసాయన శాస్త్రం, ఖనిజాలు ఆయన వ్యాపకం. ఒక డ్యూక్‌గారికి వివాహేతర సంబంధంలో పుట్టిన కొడుకు కావడంతో తండ్రి బిరుదులేవీ ఆయనకు దక్కలేదు. 1829లో చనిపోయేనాటికి ఆస్తి తమ్ముడి కొడుకుకి రాసిపెట్టాడు. అతనికి సంతానం లేకపోతే మొత్తం అమెరికాకు చెందాలనీ, ఆ డబ్బుతో వాషింగ్టన్‌లో జ్ఞానాన్ని పెంచి పంచే సంస్థ ఒకటి పెట్టాలనీ రాశాడు. అమెరికాలో ఆయన ఏనాడూ కాలు పెట్టలేదు! తమ్ముడి కొడుకు పిల్లలు లేకుండానే పోయాడు. 1838లో బంగారు నాణేల సంచులు ఓడెక్కి వచ్చాయి, మొత్తం 5 లక్షల డాలర్ల పైచిలుకు. విదేశీయుడి దానం పుచ్చుకోవడం మన హోదాకు తగునా అని కాంగ్రెసులో కొందరు పెద్దలు అంతకుముందే ముఖం చిట్లించారు. సొమ్ము చేతికొచ్చాక ఖజానా వాళ్ళు ఆ సొమ్మును తీసుకెళ్ళి ఆర్కన్సా రాష్ట్రం బాండ్లలో పెట్టారు, అవి కాస్తా మునిగాయి. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ పట్టుబట్టి ఆ సొమ్మును వడ్డీతో సహా తిరిగి పెట్టించాడు. అలా 1846లో స్మిత్సోనియన్ సంస్థ పుట్టింది. ఇవాళ దాని చేతిలో ఇరవైకి పైగా మ్యూజియాలు, ఒక జూ ఉన్నాయి. వాషింగ్టన్‌లో ఉన్న వాటన్నిటికీ ప్రవేశం ఉచితం. చాలావరకు క్రిస్మస్ రోజు తప్ప ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. స్మిత్సన్ ఎముకలు మాత్రం 1904లో వాషింగ్టన్ చేరాయి. టెలిఫోన్ గ్రాహం బెల్ స్వయంగా ఇటలీ వెళ్ళి తెచ్చాడు.

ఇక దారి ఖర్చు. వర్జీనియా శివార్లలో అష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. 2022 నవంబరు 15న మెట్రో సిల్వర్ లైన్‌ను డలస్ ఎయిర్‌పోర్టు మీదుగా అష్‌బర్న్ దాకా పొడిగించారు. అక్కడ రైలెక్కితే, ఎక్కడా మారకుండా, గంటకు కాస్త అటూ ఇటూగా స్మిత్సోనియన్ స్టేషన్‌లో దిగొచ్చు. మెట్లెక్కి బయటికొస్తే ఎదురుగా నేషనల్ మాల్, అంటే మ్యూజియాల నడుమ పరుచుకున్న పచ్చిక మైదానం. 2024లో పెట్టిన ధరల ప్రకారం పనిరోజుల్లో దూరాన్ని బట్టి రెండుంబావు డాలర్ల నుంచి ఆరు డాలర్ల డెబ్బై ఐదు సెంట్ల దాకా అవుతుంది. శని, ఆదివారాల్లో ఎంత దూరమైనా రెండున్నర డాలర్లు దాటదు. అరవై ఐదేళ్ళు నిండినవాళ్ళకు సీనియర్ కార్డు ఇస్తారు, దాంతో సగం ఛార్జీయే. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. వయసు తెలిసే ఫొటో గుర్తింపు పట్టుకెళ్ళి మెట్రో వాళ్ళ కౌంటర్లో అడగండి. ఒకప్పుడు ఊళ్ళో డాలరుకే తిప్పే సర్క్యులేటర్ అని ఎర్ర బస్సులుండేవి. 2024 చివరి రోజుతో వాటిని ఆపేశారు. పాత వ్యాసాలు చదివి వాటి కోసం నిలబడకండి.

కారులో మాత్రం వెళ్ళకండి. వెళ్తే రోజంతా మీ మనసు మ్యూజియంలో ఉండదు, పార్కింగ్ మీటరు దగ్గరే ఉంటుంది.

పడక సంగతి మనవాళ్ళకి సగం చుట్టాలతోనే తీరిపోతుంది. వర్జీనియాలోనో మేరీల్యాండ్‌లోనో అన్నయ్య తోడల్లుడో, కాలేజీ రూమ్మేటో ఎవరో ఒకరు తేలకుండా ఉండరు. ఎవరూ తేలని కుర్రాళ్ళకు నగరం నడిబొడ్డున పదకొండో వీధిలో హాస్టలింగ్ ఇంటర్నేషనల్ వాళ్ళ హాస్టల్ ఉంది. గదికి కాకుండా మంచానికి డబ్బు కట్టే పద్ధతి. హోటలే కావాలంటే ఆఫీసులెక్కువగా ఉండే శివార్లు చూడండి. టైసన్స్, హెర్న్‌డన్ లాంటి చోట్ల పనిరోజుల్లో ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళతో నిండే గదులు శని, ఆదివారాల్లో కాస్త దిగుతాయి. చెర్రీ పూలు పూసే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఈ లెక్కలేవీ పనిచేయవు. 1912లో టోక్యో నుంచి 3,020 చెట్లు కానుకగా వచ్చాయి. వాటి పూలు చూడ్డానికి దేశమంతా ఒక్కసారే దిగుతుంది.

తిండి దగ్గర మాత్రం మన ఆడవాళ్ళ మాటే వినాలి. పులిహోర, పెరుగన్నం, నాలుగు చపాతీలు డబ్బాల్లో సర్దుకోండి. మాల్‌లో బెంచీలకు, చెట్ల నీడకు కొదవ లేదు. మ్యూజియం క్యాంటీన్లో ఇద్దరు తినే డబ్బుతో ఇంటిల్లిపాదికీ కూరగాయలు వస్తాయి. అయితే ఆ రోజు క్యాపిటల్ భవనం, అంటే వాళ్ళ పార్లమెంటు, చూడాలనుకుంటే జాగ్రత్త. లోపలికి తిండి పదార్థాలేవీ రానివ్వరు. సీసాలో నీళ్ళు కూడా పారబోసి ఖాళీ సీసాతో వెళ్ళాలి. తెల్లవారుజామున లేచి కలిపిన పులిహోర చెత్తబుట్టలో పడితే ఆ ఇల్లాలి ముఖం చూడగలమా! ముందు తినేయండి, తర్వాత వరసలో నిలబడండి. టూరు ఉచితం, గైడూ ఉచితమే.

బయట తినాల్సి వస్తే నా సలహా ఒకటుంది, దానికోసం కాస్త చరిత్రలోకి వెళ్ళాలి. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక వేలమంది వియత్నామీయులు వాషింగ్టన్ పరిసరాలకు కాందిశీకులుగా వచ్చారు. నగరం పక్కనున్న నదికి ఇవతల, వర్జీనియా వైపు ఆర్లింగ్టన్‌లో క్లారెండన్ అనే పేటలో మెట్రో పనుల కోసం రోడ్లన్నీ తవ్వి ఉండటంతో కొట్లకు అద్దెలు తక్కువ. అక్కడ చేరి దుకాణాలు పెట్టుకున్నారు. 1979లో మెట్రో స్టేషను తెరిచాక అద్దెలు పెరిగి, చాలామంది అక్కడి నుంచి లేవాల్సి వచ్చింది. మన మాదాపూర్‌లోనో అమీర్‌పేటలోనో అద్దెకున్నవాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. అలా కదిలినవాళ్ళు ఫాల్స్ చర్చ్‌లో ఈడెన్ సెంటర్ అనే చోట చేరారు. సైగాన్‌లో ఉండిన ఒక దుకాణ సముదాయం పేరే దీనికి పెట్టుకున్నారు, అక్కడి బెన్ థాన్ మార్కెట్ గడియారం గోపురాన్ని ఇక్కడా కట్టుకున్నారు. ఇప్పుడు ఏ దేశానికీ చెందని పాత దక్షిణ వియత్నాం జెండా, పసుపు మీద మూడు ఎర్ర చారలది, అమెరికా జెండా పక్కన ఇంకా ఎగురుతూ ఉంటుంది. లేకుండా పోయిన ఒక రాజధానిని చూడాలంటే ఇక్కడికే రావాలి. బాన్ మీ అని వాళ్ళ రొట్టె శాండ్‌విచ్ ఒకటి చాలు, పూట గడిచిపోతుంది, అదీ పది డాలర్ల లోపు. శాకాహారులు టోఫూది అడగండి. ఫో అనే నూడుల్స్ చారు మాత్రం మామూలుగా గొడ్డు మాంసం ఎముకలతో కాస్తారు. కూరల్లో చేపల సాస్ కూడా వేస్తుంటారు. అడిగి తినడం మంచిది.

అదే రోజు పొద్దున లింకన్ స్మారకం దగ్గర వియత్నాం యుద్ధ స్మారకం చూసి రాగలిగితే ఇంకా బాగుంటుంది. 1982లో కట్టిన నల్లరాతి గోడ. ఆ నమూనా గీసేనాటికి మాయా లిన్ అనే అమ్మాయి ఇరవై ఒక్కేళ్ళ విద్యార్థిని. గోడ మీద యుద్ధంలో పోయిన 58 వేల పైచిలుకు అమెరికన్ల పేర్లున్నాయి. పొద్దున ఆ గోడ, సాయంత్రం ఈ గడియారం గోపురం. ఆ యుద్ధం గురించి ఇంత దగ్గరగా చెప్పే టూరు ఏ కంపెనీ అమ్మడం నేను చూడలేదు.

ఇక నేను ఎంతసేపైనా మాట్లాడగల చోటు సహజ చరిత్ర మ్యూజియం. కింది అంతస్తులో ఏనుగు దగ్గర ఫొటోలు దిగి, నేరుగా పైకి రత్నాల గదికి వెళ్ళండి. గాజు పెట్టెలో తిరుగుతూ ఒక నీలి వజ్రం ఉంటుంది, 45.52 క్యారట్లు. పేరు హోప్ డైమండ్. చుట్టూ మూగిన జనంలో మనవాళ్ళుంటే మటుకు కాస్త తల ఎత్తుకుని నిలబడాలి. అది మన గోల్కొండ రాజ్యపు రాయి. కృష్ణ ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు గనుల్లో దొరికిందని చరిత్రకారుల నమ్మకం. టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి దాన్ని పట్టుకెళ్ళి 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. అప్పుడది ఇంతకు రెండింతలకు పైగా ఉండేది. చెక్కించారు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో 1792లో దొంగలెత్తుకెళ్ళారు. ఇరవై ఏళ్ళకు లండన్లో మరింత చిన్నదై తేలింది. ఆ తర్వాత హోప్ అనే బ్యాంకర్ల కుటుంబం చేతికి, చేతులు మారి చివరికి న్యూయార్క్ నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ చేతికి వచ్చింది. 1958లో ఆయన దాన్ని ఈ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఎలా పంపాడో తెలుసా? మామూలు రిజిస్టర్డ్ పోస్టులో, ఖాకీ కాగితం చుట్టి. పోస్టేజీ 2 డాలర్ల 44 సెంట్లు, మిగతాది ఇన్సూరెన్సు, వెరసి 145 డాలర్ల 29 సెంట్లు! తక్కువ ఖర్చుతో వాషింగ్టన్ చేరినవాళ్ళలో దీన్ని మించినవాళ్ళు లేరు. ఆ కాగితాన్ని కూడా పోస్టల్ మ్యూజియం వాళ్ళు దాచారు.

ఆ కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కిందున్నాయి. కోహినూరు కూడా ఆ ప్రాంతపుదేనని అంటారు. దాన్ని చూడాలంటే లండన్ టవర్ దగ్గర మనిషికి ముప్పై పౌండ్లకు పైన సమర్పించుకోవాలి. మన నేలలో పుట్టిన రాయిని మనం డబ్బులిచ్చి చూడటం ఏం న్యాయమో నాకైతే అర్థం కాదు. వాషింగ్టన్‌లో ఆ బాధ లేదు.

వజ్రం కంటే మనకు దగ్గరైనది మరొకటుంది, క్యాపిటల్ వెనక లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. ఎండ మండుతుంటే క్యాపిటల్ నుంచి సొరంగ మార్గంలో నడిచి వెళ్ళొచ్చు. 1897లో కట్టిన జెఫర్సన్ భవనం లోపలి మెట్లు, పైకప్పు చిత్రాలు చూస్తే రాజప్రాసాదమంటే నమ్ముతారు. కానీ మన కథ అల్మారాల్లో ఉంది. అరవయ్యో దశకంలో మన దేశానికి ఓడల్లో వచ్చిన అమెరికా గోధుమలు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. పీఎల్ 480 అనే చట్టం కింద వచ్చేవి. ఆ గోధుమల ధర మనం డాలర్లలో కట్టలేక రూపాయల్లోనే కట్టాం. అమెరికా ఖాతాలో రూపాయలు గుట్టలుగా పేరుకున్నాయి. ఆ రూపాయలను ఇండియాలోనే ఖర్చు పెట్టాలి. దాంతో 1962 నుంచి ఢిల్లీలో ఆఫీసు తెరిచి, భారతీయ భాషల్లో అచ్చయిన పుస్తకాలు, పత్రికలు కొని ఇక్కడి లైబ్రరీలకు పంపడం మొదలుపెట్టారు. తెలుగువీ వచ్చాయి. మద్రాసులో, విజయవాడలో అచ్చయి అక్కడే మరిచిపోయిన నవలలు ఇక్కడ బైండు కట్టి, నంబరు వేసి ఉంటాయి. మనం తిన్న గోధుమలకు కట్టిన బిల్లన్నమాట అది. పాస్‌పోర్టు లాంటి గుర్తింపు చూపిస్తే పదహారేళ్ళు దాటిన ఎవరికైనా రీడర్ కార్డు ఉచితంగా ఇస్తారు, మన దేశం వాళ్ళకైనా సరే. తెలుగు మేష్టారుగా రిటైరైన తండ్రి ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, ఆయనకు నయాగరా కంటే ముందు ఈ కార్డు ఇప్పించండి.

మిగతావి గబగబా చెప్తాను. వాషింగ్టన్ స్తంభం, 555 అడుగులు. లిఫ్టులో పైకి తీసుకెళ్తారు. పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడితే టికెట్టు ఉచితం, ఆన్‌లైన్లో ముందే కావాలంటే ఒక డాలరు. నేషనల్ గ్యాలరీలో లియొనార్డో డావించీ వేసిన బొమ్మ ఒకటి ఉంది, జినెవ్రా అనే అమ్మాయి ముఖం. ఉత్తర, దక్షిణ అమెరికాల్లో జనం చూడగలిగే డావించీ చిత్రం అదొక్కటే. అదీ ఉచితమే. విమానాల మ్యూజియానికి, ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి మాత్రం ముందుగా ఆన్‌లైన్లో ఉచిత పాసు తీసుకోవాల్సి ఉంటుంది, బయలుదేరే ముందు చూసుకోండి. లింకన్, మార్టిన్ లూథర్ కింగ్, రూజ్వెల్ట్ స్మారకాలకు తలుపులే లేవు, రాత్రి పదింటికి వెళ్ళినా ఎవరూ ఆపరు. డ్యూపాంట్ సర్కిల్ దగ్గర మన రాయబార కార్యాలయం ఎదుట గాంధీ విగ్రహం ఉంది. 2000 సెప్టెంబరులో క్లింటన్ సమక్షంలో వాజ్‌పేయి ఆవిష్కరించారు. గూఢచారుల మ్యూజియానికి టికెట్టుంది, దానికి ఎవరో వెళ్తున్నారని మీరూ వెళ్ళకండి. ఉచితంగా చూడాల్సినవి వారం రోజులకీ తరగవు.

ఒక్క ఇబ్బంది. ఉచితమంటే ఎవరూ కట్టడం లేదని కాదు, కాంగ్రెసు కడుతోంది. అక్కడ బడ్జెట్ మీద తగువు పడి ప్రభుత్వం ఆగిపోతే ఈ తలుపులూ మూసుకుంటాయి. 2019 జనవరిలో, మళ్ళీ 2025 అక్టోబరులో అదే జరిగింది. ఇండియా నుంచి వచ్చినవాళ్ళు మూసిన తలుపుల ముందు ఫొటో దిగి వెళ్ళిపోయారు. కొత్త బడ్జెట్ మొదలయ్యే అక్టోబరు ఒకటో తేదీ దగ్గర్లో బయలుదేరేవాళ్ళు వార్తలు చూసుకుని బయలుదేరండి.

చివరిగా షాంటిలీలో, డలస్ విమానాశ్రయం పక్కన, ఉద్వర్‌హేజీ అని విమానాల మ్యూజియం రెండో భాగముంది. అంతరిక్షానికి వెళ్ళొచ్చిన డిస్కవరీ షటిల్, కాంకార్డ్ విమానం, హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే, అన్నీ ఒకే కప్పు కింద. ప్రవేశం ఉచితం, కారు పార్కింగుకు పదిహేను డాలర్లు. నాలుగింటి తర్వాత ఆ పదిహేనూ అడగరు. అందుకని మనవాళ్ళు మూడూ ముప్పావుకి వచ్చి, పక్క రోడ్డులో కారాపుకుని, గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. మూసేది ఐదున్నరకి. గంటన్నరలో అంత హాలు పరుగున చుట్టి వస్తే షటిల్ ముందు నిలబడే తీరిక ఉండదు. నా మాట వింటే ఆ పదిహేను డాలర్లు కట్టేసి, పొద్దున పదింటికే వెళ్ళండి.